గీజర్ పొగ గొట్టానికి వాటం ఎటు?

కిలో ఎల్‌పీజీ మండితే దాదాపు 1.6 కిలోల నీరు పుడుతుంది. అంటే 14.2 కిలోల సిలిండరు ఖాళీ అయ్యేసరికి 22 లీటర్ల పైమాటే. ఆ నీళ్ళు మనకెక్కడా కనబడవు, ఆవిరై పొగతో పాటే పోతాయి. పోతూపోతూ బోలెడు వేడిని కూడా పట్టుకుపోతాయి.

ఆ వేడిని వదులుకోకుండా చేసేదే కండెన్సింగ్ గీజర్. మామూలు గ్యాస్ గీజర్ బయటికి వదిలేసే వేడి పొగను ఇది లోపల ఇంకో హీట్ ఎక్స్‌ఛేంజర్ (పొగ వేడిని నీళ్ళకు అందించే భాగం) గుండా తిప్పి, ట్యాంకు నుంచి వచ్చే చన్నీళ్ళతో చల్లారుస్తుంది. పొగ సుమారు 50 డిగ్రీల కిందికి దిగితే ఆవిరి చుక్కలు కట్టి, దాచుకున్న వేడిని నీళ్ళకు ఇచ్చేస్తుంది. అలా దక్కేది గ్యాసులోని మొత్తం శక్తిలో 8 శాతం దాకా ఉంటుంది. మే నెలలో మేడ మీద నల్ల ట్యాంకులో నీళ్ళు కాగిపోతున్నప్పుడు ఈ లాభం పెద్దగా రాదు. అప్పుడు గీజరుతో పని కూడా ఉండదనుకోండి. సంక్రాంతి చలిలోనే దీని పనితనం తెలిసేది.

చిక్కంతా గొట్టం దగ్గరే. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా గోడలోంచి పైపు బయటికి తీయమంటే ప్లంబరు వాటం బయటికే పెడతాడు. వాన నీళ్ళు లోపలికి రాకూడదు కదా! గోడలోంచి అడ్డంగా గొట్టం తీసే పాత రకం గీజర్లకు అది సరైన లెక్కే. కండెన్సింగ్ గీజరుకు మాత్రం చాలా కంపెనీలు వాటం గీజరు వైపే పెట్టమంటాయి, సుమారుగా అడుగుకు పావు అంగుళం. గొట్టంలో కూడా చుక్కలు కడుతూనే ఉంటాయి. అవి వెనక్కి జారి గీజరు అడుగున ఉన్న ట్రాప్‌లోకి, అంటే పొగను ఆపి నీళ్ళను మాత్రమే వదిలే వంపులోకి రావాలి. క్లాంపులు దూరదూరంగా కొట్టేసి పైపు మధ్యలో కుంగిందో, అక్కడ నీళ్ళు నిలిచి పొగ దారి మూసుకుపోతుంది.

పైగా ఆ నీళ్ళు ఆమ్లం. పీహెచ్ 3 నుంచి 5 మధ్య ఉంటుంది కాబట్టి జీఐ (జింకు పూత పూసిన ఇనుప) గొట్టాన్ని లోపలి నుంచి తినేస్తాయి. కళింగపట్నం, భోగాపురం వైపైతే బయటి నుంచి తినడానికి ఉప్పుగాలి ఎలాగూ ఉంది. మాన్యువల్‌లో ఏ పైపు రాస్తే అదే కొనాలి. పాలీప్రొపిలీన్ పైపు అయితే రబ్బరు రింగులతో సహా తీసుకోవాలి. డ్రైనేజీ పనిలో మిగిలిన పీవీసీ ముక్క ఉంది కదా అని తగిలించడం నాకు అస్సలు నచ్చని పొదుపు. ట్రాప్ నుంచి వచ్చే నీళ్ళను పాలరాయి ముక్కలు నింపిన డబ్బా గుండా పంపితే ఆమ్లం విరిగిపోతుంది. ఆ తర్వాత డ్రైనులోకి వదలొచ్చు.

వెనకటి రాగి బాయిలర్ నడిమధ్యన కూడా పొగ గొట్టం ఉండేది. దాన్ని దొడ్లోనే వెలిగించేవారు. పొగ వేడిగా ఉండేది, దానంతటదే పైకి లేచిపోయేది. కండెన్సింగ్ గీజర్ పొగకు ఆ ఊపు ఉండదు, ఫ్యానుతో నెట్టాలి. నెడుతున్నామంటే గొట్టంలో ఒత్తిడి ఉన్నట్టే. జాయింటు వదులైతే పొగ గదిలోకే వస్తుంది. టేపు చుట్టేసి సరిపెట్టే చోటు కాదది.

ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు. కిలో గ్యాసు మండటానికి 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున్న బాత్రూమ్‌లో ఉండేది 8 ఘనపు మీటర్లే. నిమిషానికి 6 లీటర్లు కాచే, గొట్టం లేని గీజరు అందులో పావుగంట ఆగకుండా మండితే సుమారు 200 గ్రాముల గ్యాసు కాలుతుంది, గదిలో మూడో వంతు గాలికి సరిపడా ఆక్సిజన్ ఖర్చయిపోతుంది. మంటకు ఊపిరాడనప్పుడే ఈ విషవాయువు పుట్టేది. "లీకైతే వాసన రాదా?" అని చాలామంది ధీమా. గ్యాసుకు ఆ వాసన కోసం కలిపే మెర్కాప్టాన్ మంటలో కాలిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన రెండూ లేవు. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, ఆ తర్వాత తలుపు గడియ తీసే ఓపిక కూడా ఉండదు. గాలి పోతుంది కదా అని ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తే, మూసిన గదిలో అది గొట్టంలోంచి బయటికి పోవాల్సిన పొగను వెనక్కి లాగే ప్రమాదం కూడా ఉంది.

అందుకే జంట గొట్టం మంచిది. లోపలి గొట్టంలో పొగ పోతుంది, దాని చుట్టూ ఉన్న గొట్టంలో బయటి గాలి మంటకు వస్తుంది. గదిలో గాలిని గీజరు ముట్టుకోదు.

చివర ఎక్కడ తేలాలన్నది కూడా చూసుకోవాలి. మన ఊళ్ళలో రెండు ఇళ్ళ మధ్య సందు ఒక్కోచోట మూడడుగులు కూడా ఉండదు. గొట్టం అందులోకి తీస్తే పొగ పక్కింటి వెంటిలేటర్లోకి పోతుంది. కిటికీలకు ఎంత దూరం ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది, అంత జాగా లేకపోతే గొట్టాన్ని మేడ పైకి తీసుకెళ్ళాలి. హుద్‌హుద్, తిత్లీ చూసిన జిల్లాలు మనవి, కాబట్టి ఈదురుగాలి ఎదురు కొట్టని గోడ ఎంచుకుని, కంపెనీ ఇచ్చే మూతే బిగించాలి.

ఇప్పటికే బాత్రూమ్‌లో గొట్టం లేని గీజరు ఉన్నవాళ్ళు కొత్తది కొనేదాకా ఆగక్కర్లేదు. దాన్ని ఊడదీసి, కిటికీలకు దూరంగా, గాలాడే బయటి గోడకు వాన తగలకుండా రేకు కింద బిగించి, వేణ్ణీళ్ళ పైపు ఒక్కటీ లోపలికి లాగించుకుంటే సరిపోతుంది.