నీళ్లు కుళ్లవు, బాటిలే పాడుచేస్తుంది

పిల్లలూ,

"బాటిల్లో పట్టి ఉంచిన నీళ్లు కొన్నాళ్లకి పాడైపోవా అమ్మమ్మా?" అని అడిగారు కదా. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. ముందు అసలు విషయం చెప్పేస్తాను. శుభ్రమైన నీళ్లు వాటంతట అవి కుళ్లవు, కుళ్లడానికి వాటిలో ఏమీ ఉండదు. పాడుచేసేదల్లా వాటిలోకి వచ్చి చేరేదే: బాటిల్ అడుగున మిగిలిన పాల జిడ్డు, మూత మరల్లో ఇరుక్కున్న తీపి, నోటి ఎంగిలి, వేళ్ల మురికి. ఈ ఒక్కటి గుర్తుంటే కింద నేను రాసేవాటిలో సగం మీరే ఊహించుకోగలరు.

తుఫాను వచ్చినా, భూకంపం వచ్చినా, పైపు పగిలినా, కరెంటు పోయి మోటారు ఆడకపోయినా మొదట ఆగిపోయేది కుళాయి. వరదొస్తే మరీ ఘోరం, చుట్టూ నీళ్లే ఉంటాయి, తాగడానికి చుక్క ఉండదు. తిండి లేకుండా కొన్ని రోజులు నెట్టుకురావచ్చు గానీ నీళ్లు లేకుండా మూడు రోజులు గడవడమే కష్టం. అందుకని మనిషికి రోజుకి సుమారు 4 లీటర్ల చొప్పున కనీసం 3 రోజులకి దాచుకోవాలంటారు. అందులో సగం తాగడానికి, మిగతాది వంటకీ, పళ్లు తోముకోవడానికీ, చేతులు కడుక్కోవడానికీ. నలుగురున్న ఇంటికి 48 లీటర్లు, అంటే రెండు లీటర్ల బాటిళ్లు 24. వీలుంటే రెండు వారాలకి సరిపడా ఉంచుకోమని కూడా చెబుతారు, ఆ అంకె చూసి బెదిరిపోయి మొత్తం పనే మానేయకండి, బాటిల్ ఖాళీ అయినప్పుడల్లా ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోతే చాలు. ఇంకో మాట, లీటరు నీళ్లంటే కిలో బరువు. 48 కిలోలు తీసుకెళ్లి పైన పల్చటి అర మీద పేర్చారంటే ఎవరి తలమీదైనా పడొచ్చు. కింద పెట్టండి.

ఇప్పుడు బాటిల్ సంగతి. అడుగున చూస్తే చిన్న త్రికోణంలో 1 అంకె ఉంటుంది, దాన్ని పెట్ ప్లాస్టిక్ అంటారు. కూల్‌డ్రింక్ బాటిళ్లు ఎక్కువగా అదే. నేథనియల్ వైత్ అనే ఇంజినీరు 1973లో పెట్‌తో చేసిన బాటిల్‌కి పేటెంట్ పొందాడు. కూల్‌డ్రింక్‌లోని గ్యాస్ ఒత్తిడికి ఉబ్బి పగలకుండా నిలబడే ప్లాస్టిక్ బాటిల్ కావాలనే పట్టుదలతో చేశాడు, ఆ గట్టిదనమే ఇప్పుడు మనకి పనికొస్తోంది. చేత్తో నొక్కగానే నలిగిపోయే పల్చటి బాటిళ్ల కన్నా గట్టి కూల్‌డ్రింక్ బాటిలే మేలని నా అభిప్రాయం.

పాలు పోసిన డబ్బాలు, పళ్లరసం బాటిళ్లు మాత్రం వద్దు. ఎంత కడిగినా పాలలోని ప్రొటీన్, పళ్లలోని చక్కెర కొంచెం మిగిలిపోతాయి, సూక్ష్మజీవులకి ఆ కొంచెమే చాలు. ఫినాయిల్, పురుగుమందు, ఇంకే రసాయనం పోసినదైనా సరే, దాని జోలికే పోకండి, ఇందులో బేరాల్లేవు.

కడగడం శ్రద్ధగా చెయ్యాలి. సబ్బునీళ్లు పోసి బాగా ఆడించి, సబ్బు పోయేదాకా తొలవండి. మూతని విడిగా తోమండి, దాని మరల్లోకి వేలు పోదు కాబట్టి పాత టూత్‌బ్రష్ వాడండి. అందరూ బాటిల్ని అద్దంలా మెరిపిస్తారు, మూతని మాత్రం ఒక్కసారి తడిపి వదిలేస్తారు. ఆ తర్వాతి పని అమ్మానాన్నల్లో ఎవరైనా పక్కనుండి చేయించాలి. లీటరు నీళ్లలో ఒక టీస్పూను వాసన కలపని లిక్విడ్ బ్లీచ్ వేసి, ఆ నీళ్లు బాటిల్ లోపల అన్నివైపులా, మూతకీ తగిలేలా తిప్పి, అర నిమిషం పైగా ఉంచి పారబోసి, శుభ్రమైన నీళ్లతో తొలవాలి. పొడిగా దొరికే బ్లీచింగ్ పౌడర్ వేరు, దానికి ఈ కొలత పనికిరాదు. బ్లీచ్‌ని టాయిలెట్ క్లీనర్‌తో గానీ మరే క్లీనర్‌తో గానీ కలిపితే విషవాయువు పుట్టొచ్చు. అందుకే ఈ సీసా మీరు ఒంటరిగా ముట్టుకోవద్దు.

కుళాయి నీళ్లు క్లోరిన్‌తో శుద్ధి చేసి వచ్చేవైతే నేరుగా పట్టేయండి, ఇంకేమీ కలపక్కర్లేదు. కాకపోతే లీటరుకి 2 చుక్కల బ్లీచ్, అదీ 5 నుంచి 9 శాతం గాఢత ఉన్నది, డ్రాపర్‌తో వేసి అరగంట ఆగాలి. ఆ లెక్క పెద్దవాళ్లదే. పైదాకా నింపి, మూత లోపలివైపు వేళ్లు తగలకుండా బిగించి, పట్టిన తేదీ దానిమీద రాయండి. ఆరు నెలలకోసారి ఆ నీళ్లు మార్చాలి. పాతవి పారబోయకండి, మొక్కలకి పోయండి, ఇల్లు తుడవండి.

బాటిళ్లని చల్లగా, చీకటిగా ఉండే చోట పెట్టండి. ఇక్కడ మీకో అనుమానం రావాలి: ఎండలో పెడితే సూక్ష్మజీవులు చస్తాయని సైన్స్ పాఠంలో చదివారు కదా? నిజమే. పెట్ బాటిల్లో తేటగా ఉన్న నీళ్లు నింపి మంచి ఎండలో 6 గంటలు, మబ్బు పడితే రెండు రోజులు ఉంచి శుద్ధి చేసే పద్ధతి ఉంది, వేరే దారి లేని చోట చాలామంది దానిమీదే బతుకుతున్నారు. కానీ అది ఇవాళ శుద్ధి చేసుకుని త్వరగా తాగేసే నీళ్ల మాట. నెలల తరబడి వెలుతురులో ఉంచితే నీళ్లలోని క్లోరిన్ తగ్గిపోతుంది, ఆ తర్వాత పచ్చగా పాచి పట్టే అవకాశం ఉంటుంది. వేడి ఇంకో చిక్కు. పెట్ తయారీలో ఆంటిమనీ అనే మూలకం వాడతారు, మామూలు గదిలో అది నీళ్లలోకి దిగేది బహు స్వల్పం, మూసి ఉన్న కారులాంటి మండే చోట రోజుల తరబడి వదిలేస్తే పెరుగుతుంది. పెట్రోలు, పురుగుమందుల పక్కన కూడా వద్దు, వాటి ఆవిరి ప్లాస్టిక్ గుండా లోపలికి చేరగలదు.

అవసరం వచ్చి తెరిచినప్పుడు బాటిల్‌కి నోరు పెట్టకండి, గ్లాసులోకి వంచుకుని తాగండి, ఒకటి అయ్యాకే ఇంకోటి తెరవండి. రుచి చప్పగా అనిపిస్తే భయం లేదు, రెండు గ్లాసుల మధ్య నాలుగుసార్లు అటూ ఇటూ పోస్తే గాలి కలిసి బాగుంటాయి. నీళ్లు శుభ్రంగా ఉన్నాయో లేదో అనుమానంగా ఉంటే తెర్ల కాగనిచ్చి, ఒక నిమిషం అలాగే ఉంచి దించాలి, 2000 మీటర్లకి పైన కొండల మీద ఉండేవాళ్లయితే మూడు నిమిషాలు. రసాయనం కలిసిందని అనుమానమైతే మాత్రం తాగొద్దు, మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ రసాయనం పోదు.

ఫ్రీజర్‌లో చోటుంటే రెండు మూడు బాటిళ్లు అక్కడ పెట్టండి, కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్‌ని చల్లగా ఉంచుతాయి, కరిగాక తాగొచ్చు. వీటిని మాత్రం నిండా నింపకూడదు, గడ్డకట్టే నీళ్లు దాదాపు 9 శాతం పెరుగుతాయి, పైన నాలుగు వేళ్ల ఖాళీ ఉంచండి. ఇంట్లో ఉన్న ఖాళీ బాటిళ్లన్నీ తిరగేసి, అడుగున అంకెలు చూసి, పనికొచ్చేవెన్ని తేలాయో ఈ ఆదివారం నాకు ఫోన్ చేసి చెప్పండి.

మీ అమ్మమ్మ