అరచేతి ఇంజన్‌కు ఆఖరి సాన

హనుమకొండలో మా వీధి చివర ఒక మెకానిక్ అన్న ఉన్నాడు. పాత టూ-స్ట్రోక్ బండ్లంటే ఆయనకు ప్రాణం. మా మేనల్లుడు నైట్రో ఇంధనంతో నడిచే కొత్త రిమోట్ బొమ్మ ట్రక్కును చంకలో పెట్టుకొని వెళ్తే, ముందు సైలెన్సర్ దగ్గర ముక్కు పెట్టి చూశాడు. "ఇదేంది, ఆముదం వాసన!" అని నవ్వాడు. తర్వాత అలవాటుగా చెప్పాడు: "కొత్త బండిని గుంజొద్దు తమ్మీ. రెండు ట్యాంకులు నిలబెట్టి ఐడ్లింగ్‌లనే ఉంచు."

వాసన సంగతి ఆయన సరిగ్గానే పట్టాడు. సలహాలో మాత్రం సగమే ఒప్పు. గుంజకూడదన్నది నిజం. చల్లటి ఇంజన్‌ను గంటసేపు మెల్లగా కొట్టుకోనివ్వడం మాత్రం దానికి మేలు కాదు, కీడు.

ఎందుకో తెలియాలంటే సిలిండర్ లోపలికి చూడాలి. ఈ ట్రక్కు ఇంజన్ 3.5 సీసీ. పిస్టన్ వెడల్పు సుమారు 16.5 మిల్లీమీటర్లు, అంటే రూపాయి బిళ్ల కన్నా చిన్నది. బైకు పిస్టన్‌కు చుట్టూ రింగులుంటాయి, గోడకు ఆనుకొని గ్యాస్ కారకుండా ఆపేది అవే. ఇలాంటి చిన్న ఇంజన్లలో చాలావాటికి రింగులే ఉండవు. అల్యూమినియం పిస్టన్, అది కదిలే గొట్టంగా లోపల క్రోమ్ పూత పూసిన ఇత్తడి లైనర్, అంతే. మరి గ్యాస్‌ను ఆపేదెవరు? లైనర్ ఆకారమే ఆపుతుంది. కింద కొంచెం వెడల్పు, పైకి పోయేకొద్దీ ఇరుకు. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైకొచ్చి ఆ ఇరుకులో బిగుసుకుంటుంది. మా వాడు మొదటిసారి స్టార్టర్ తాడు లాగినప్పుడు అది కటక్కున ఆగింది. "మామా, పాడైపోయిన బండి పంపించిన్రు" అని మొహం మాడ్చుకున్నాడు. పాడైపోలేదు. కొత్త ఇంజన్ అలాగే ఉండాలి.

వేడెక్కితే లెక్క మారుతుంది. ఇత్తడి 30 డిగ్రీల నుంచి 110 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే, ఆ వెడల్పు లైనర్ దాదాపు 0.025 మిల్లీమీటర్లు వ్యాకోచిస్తుంది. తల వెంట్రుక మందంలో మూడో వంతు. పిస్టన్ కూడా ఉబ్బుతుంది కానీ, అందులో సిలికాన్ ఎక్కువగా కలిపిన అల్యూమినియం వాడతారు కాబట్టి కొంచెం తక్కువ ఉబ్బుతుంది. పైగా మంట అంటుకునే చోటు లైనర్ పైభాగమే, ఇరుకు ఉన్నదీ అక్కడే. అది తెరుచుకొని పిస్టన్‌కు సరిగ్గా సరిపోయే దారి ఏర్పడుతుంది. ఫ్యాక్టరీ వాళ్లు కొలత పెట్టింది ఈ వేడి ఆకారానికి, బల్ల మీదున్న చల్లటి ఇంజన్‌కు కాదు. చల్లగానే తిప్పుతూ పోతే పిస్టన్ ఆ ఇరుకులో గీరుకుంటుంది, కనెక్టింగ్ రాడ్ మీద ప్రతి చుట్టుకూ లాగుడు పడుతుంది. ఏళ్లపాటు నిలవాల్సిన బిగువు మొదటి రోజే అరిగిపోతుంది.

మొదటి ట్యాంకును నిలబెట్టే నడపమని కొన్ని మాన్యువళ్లలో ఉంటుంది. సరే, నడపండి, కానీ హెడ్, అంటే సిలిండర్ పైమూత, వంద డిగ్రీల చుట్టుపక్కలకు రావాలి. మేము జనవరి పొద్దున హెయిర్ డ్రయ్యర్‌తో హెడ్ వేడిచేసి, ఆ తర్వాతే తాడు లాగాం. మే నెల వరంగల్‌లో ఆ పనీ ఉండదు, ట్యాంకు ఖాళీగా ఉంచి పది నిమిషాలు ఎండలో పెడితే చాలు.

ఐదారు ట్యాంకులు ఇలా సాగుతాయి. ఇంధనం కాస్త ఎక్కువగా పోనిస్తూ, మెల్లగా వేగం పెంచుతూ తగ్గిస్తూ నడపడం, ట్యాంకు అయిపోగానే పూర్తిగా చల్లారనివ్వడం. ఇక్కడ ఒక చిన్న పని చాలామంది మర్చిపోతారు. ఇంజన్ ఆగగానే మా వాడు ఫ్లైవీల్ మీద బొటనవేలు ఆనించి, పిస్టన్ అడుగుకు దిగిందనిపించేదాకా మెల్లగా తిప్పుతాడు. ఆ చోటు గుర్తుకని ఫ్లైవీల్ మీద మార్కర్‌తో ఎర్ర గీత గీసుకున్నాడు. పిస్టన్ పైనే ఉండిపోతే, చల్లారుతున్న లైనర్ దాని మెడ పట్టుకొని బిగిసిపోతుంది.

ఇక ఆముదం. ఈ ఇంధనంలో ఎక్కువ భాగం మెథనాల్, మామూలుగా 10 నుంచి 30 శాతం నైట్రోమీథేన్, మిగతాది నూనె. ఆ నూనెలో చాలాసార్లు ఆముదం కలుస్తుంది. బాగా కాగితే ఆముదం జిగురుగా మారి లోహాన్ని అంటిపెట్టుకుంటుంది, అందుకే ఇంజన్ హద్దు మీరి వేడెక్కినా కొంతసేపు కాపాడగలదు. ప్రపంచంలో ఆముదం ఎక్కువగా పండేది మన దేశంలోనే కాబట్టి, ఆ వాసనలో కొంత మనవాళ్ల చెమట కూడా ఉండొచ్చు. నైట్రోమీథేన్ బలం వేరే. అది తన అణువులోనే ఆక్సిజన్ మోసుకొస్తుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. మెథనాల్‌కు 6.5 కిలోలు, నైట్రోమీథేన్‌కు 1.7 కిలోలు చాలు. అంటే అంతే గాలితో ఎన్నో రెట్లు ఇంధనాన్ని మండించొచ్చు.

స్పార్కు లేకుండా ఇదంతా ఎలా అంటుకుంటుందన్నది నాకు ఇప్పటికీ ముచ్చటేసే విషయం. స్పార్కు ప్లగ్‌కు బదులు ఇందులో ఉండేది గ్లో ప్లగ్, దానిలో సన్నని ప్లాటినం మిశ్రమ తీగ ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడే దానికి ఒకటిన్నర వోల్టుల లోపు కరెంటు ఇస్తాం, తర్వాత బ్యాటరీ తీసేస్తాం. ప్లాటినం తాకిడికి మెథనాల్ ఆవిరి తనంతట తనే ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది, ఆ వేడే తీగను ఎర్రగా ఉంచుతుంది. వేడి ప్లాటినం తీగ మంట లేకుండానే వెలుగుతూ ఉండటాన్ని హంఫ్రీ డేవీ 1817లో గమనించాడు. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ అమ్మకానికి తెచ్చిన గ్లో ప్లగ్ బొమ్మ విమానాల ఇంజన్లను మార్చేసింది. నిమిషానికి 30,000 చుట్లు తిరిగితే సెకనుకు 500 పేలుళ్లు. అందుకే ఇది డుగుడుగుమనదు, ఈల వేస్తుంది.

ట్యూనింగ్‌కు రెండు నీడిల్స్, అంటే ఇంధనాన్ని ఎక్కువ తక్కువ చేసే మరలు, ఉంటాయి. ఒకటి పూర్తి వేగానికి, ఒకటి ఐడ్లింగ్‌కు. కుడికి తిప్పితే ఇంధనం తగ్గుతుంది, ఎడమకు తిప్పితే పెరుగుతుంది. ఒక్కసారికి గడియారంలో ఒక అంకె దూరం, అంతకు మించొద్దు. వేగంగా పోతున్న ట్రక్కు వెనక సన్నని నీలి పొగ తోక కనిపించాలి. పొగే లేకపోతే ఇంధనం తక్కువ, దాంతోపాటే వెళ్లే నూనె కూడా తక్కువ. హెడ్ మీద ఒక చుక్క నీళ్లు వేయండి. నింపాదిగా మరిగి నాలుగైదు సెకన్లకు పోతే బాగున్నట్టు. చుయ్యిమని వెంటనే ఎగిరిపోతే ఆపేయండి. ఐడ్లింగ్‌లో ఉండగా ఇంధన గొట్టాన్ని వేళ్లతో నొక్కితే చప్పుడు కొద్దిగా పెరిగి, రెండు మూడు సెకన్లకు ఆగిపోవాలి. వెంటనే ఆగితే ఐడ్లింగ్ నీడిల్ కాస్త తెరవాలి, చాలాసేపు నడిస్తే కాస్త మూయాలి.

పోయినేడు మే నెలలో, 43 డిగ్రీల ఎండలో, ఊరి బయట ఎండిన చెరువు శిఖంలో పాత ట్రక్కును బ్రహ్మాండంగా ట్యూన్ చేశాను. సంక్రాంతి పొద్దున అదే శిఖంలో, అదే సెట్టింగ్‌తో మళ్లీ వదిలాను. అప్పుడు 15 డిగ్రీలుంటుంది. అంత బాగా అది ఎన్నడూ పరుగెత్తలేదు. మా వాడే అన్నాడు, "పొగ వస్తలేదేంది మామా?" నేను వినలేదు. మూడో చుట్టులో ఈల కాస్తా కీచుగా మారి ఆగిపోయింది. ప్లగ్ విప్పితే తీగ తెగి ఉంది. చలిలో ఇంజన్ చల్లగా ఉంటుందని నేననుకున్నాను. జరిగింది తలకిందులు. ఆ రెండు రోజుల మధ్య గాలి దాదాపు 10 శాతం చిక్కబడింది, నీడిల్ మాత్రం మే నెలలోనే ఉండిపోయింది. గాలి పెరిగి ఇంధనం పెరగకపోతే మిశ్రమం లీన్ అవుతుంది. మెథనాల్ ఆవిరయ్యేటప్పుడు పెట్రోలుకు మూడింతలు వేడిని లాక్కుంటుంది. ఆ చల్లదనం తగ్గింది, నూనె కూడా తగ్గింది. లీన్ ఇంజన్‌తో చిక్కే అది, పట్టేసే ముందే అన్నిటికన్నా బాగా పరుగెత్తుతుంది.

మెథనాల్ విషం, మింగినా ప్రమాదమే, చర్మం గుండా లోపలికి పోయినా ప్రమాదమే. దాని మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు. అందుకే ట్యాంకు నింపడం ఆ పిల్లాడికి ఇంకా ఇవ్వలేదు, అది నా పనే. సాయంత్రం మిగిలిన ఇంధనాన్ని తీసేసి, ఇంజన్‌ను ఖాళీ చేసి, నాలుగు చుక్కల నూనె వేసి తిప్పి పెడతాం. మెథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రాత్రికి రాత్రే బేరింగులకు తుప్పు మొదలవుతుంది.

మొన్న మెకానిక్ అన్న స్వయంగా శిఖానికి వచ్చి, గట్టు మీద కూర్చొని చూశాడు. మా వాడు నోటుబుక్కు తీసి ఆ రోజు డిగ్రీలు, నీడిల్ ఎన్ని చుట్లు తెరిచాడో రాసుకుంటున్నాడు. అన్న కాసేపు పొగ తోకను చూసి, "ఇంకొంచెం మూయొచ్చు తమ్మీ, ఒక్క గీత" అన్నాడు. నీళ్ల చుక్క వేసి చూశాం. ఆయన చెప్పింది నిజమే.