నోరులేని కంప్యూటర్‌కు ఎక్కడ నొప్పి?

చిరంజీవి బుజ్జికి, బుజ్జి పక్కన కూర్చుని ఈ ఉత్తరం చదివే పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. "తాతయ్యా, కంప్యూటర్ మొరాయించినప్పుడు ఎవరిని అడిగినా ఒకసారి ఆపి మళ్ళీ పెట్టు అంటారు. అలా చేస్తే చాలాసార్లు బాగవుతుంది కూడా. దాన్ని ఎవరూ బాగుచెయ్యలేదు కదా, మరి ఎలా బాగయింది?" అన్నావు. అప్పుడు మీ అమ్మ అన్నానికి పిలుస్తోంది. అందుకే ఈ ఉత్తరం.

నీకు గేదె తెలుసు కదా. అది గట్టు మీద మేసేటప్పుడు సరిగ్గా నమలదు. దొరికినదాన్ని దొరికినట్టు కడుపులో వేసుకుంటుంది. నీడకు చేరాక తీరిగ్గా పడుకుని, మింగినదాన్ని మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని నెమరు వేస్తుంది. దాని పొట్టలో నాలుగు గదులుంటాయి. వాటిలో పెద్దది ఎడమవైపు ఉంటుంది. గబగబా మింగిన మేతంతా ముందు చేరేది అక్కడికే.

కంప్యూటర్‌కూ అలాంటి గది ఒకటి ఉంది. దాన్ని ర్యామ్ అంటారు. నువ్వు బొమ్మలు గీసే ప్రోగ్రాం తెరిచినా, పాట పెట్టినా, బ్రౌజర్‌లో పేజీ మీద పేజీ తెరిచినా అవన్నీ ముందు ఆ గదిలోకి వచ్చి కూర్చుంటాయి. పని జరిగేది అక్కడే. నీ ఫొటోలు, పాఠాలు శాశ్వతంగా దాచుకునే చోటు వేరే ఉంది. అది హార్డ్ డిస్కో, ఎస్‌ఎస్‌డీయో అవుతుంది. కరెంటు పోయినా అక్కడున్నది చెక్కుచెదరదు. ర్యామ్‌లో ఉన్నది మాత్రం కరెంటు ఉన్నంతసేపే ఉంటుంది.

గేదె లేత పిల్లిపెసర, లూసర్న్ లాంటివి ఆబగా తిన్నదనుకో, కడుపులో పుట్టిన గాలి బయటికి రాక ఎడమ డొక్క ఉబ్బిపోతుంది. దాన్ని కడుపుబ్బరం అంటారు. పశువుల డాక్టరు నోట్లోంచి గొట్టం వేసి ఆ గాలి బయటికి పంపిస్తారు. మరీ ప్రాణం మీదికి వస్తే డొక్కలోకే సూదిగొట్టం దించుతారు. కంప్యూటర్‌లోనూ అంతే. ఒక ప్రోగ్రాం పని ముగిశాక తాను వాడుకున్న జాగాను తిరిగి ఇచ్చేయాలి. కొన్ని సరిగా రాయకపోవడం వల్ల ఇవ్వవు. కొన్నిసార్లు రెండు ప్రోగ్రాములు నువ్వు వదిలితే నేను కదులుతానంటూ ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ నిలిచిపోతాయి. గది నిండిపోతుంది, కదలిక ఆగిపోతుంది. నువ్వు ఆపి మళ్ళీ పెట్టావంటే ఆ గది మొత్తం ఖాళీ అయిపోతుంది. దాచుకున్న చోటి నుంచి అన్నీ శుభ్రంగా, మొదటినుంచి వచ్చి కూర్చుంటాయి. గాలి తీసేసిన గేదె లేచి నిలబడినట్టు!

ఈ సందర్భంలోనే రెండు మాటలు. ఆపేముందు నువ్వు రాసుకున్నది సేవ్ చెయ్యి, లేకపోతే గాలితోపాటు అదీ పోతుంది. రెండోది పెద్దవాళ్ళలో కూడా చాలామందికి తెలియదు. విండోస్ 8 వచ్చినప్పటినుంచి చాలా కంప్యూటర్లలో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. షట్ డౌన్ నొక్కినప్పుడు అది లోపలి ముఖ్యమైన భాగాన్ని పూర్తిగా చెరిపేయదు. డిస్కు మీద దాచిపెట్టుకుని, మళ్ళీ ఆన్ చేయగానే అక్కడి నుంచే అందుకుంటుంది. త్వరగా తెరుచుకోవడానికి అలా చేశారు. కాబట్టి లోపలున్న ఇబ్బంది కూడా దాంతోపాటే మళ్ళీ లేచి రావచ్చు. రీస్టార్ట్ నొక్కితే మాత్రం అంతా మొదటినుంచి మొదలవుతుంది. "ఆపి పెట్టాను, అయినా బాగవలేదు" అనేవాళ్ళు ఎవరైనా కనిపిస్తే, రీస్టార్ట్ నొక్కి చూశారా అని అడుగు.

అయితే గాలి తీసిన మర్నాడే గేదె మళ్ళీ ఉబ్బితే డాక్టరుగారు మళ్ళీ గాలి తీసి ఊరుకోరు. ఏం మేపారని అడుగుతారు. నీకు అసలు చెప్పాలనుకున్నది ఇక్కడే మొదలవుతుంది.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పశువుల ఆసుపత్రి లేదు. పక్క ఊళ్ళో ఉండేది. గేదెకు బాగాలేకపోతే ముందు ఒకరు వెళ్ళి సంగతి చెప్పాలి, అవసరమైన మందులు సంచిలో పెట్టుకుని డాక్టరుగారు సైకిలు మీద వచ్చేవారు. ఆ కబురు మోసే పని నాది. కానీ మా నాయనమ్మ నన్ను ఊరికే పంపేది కాదు. "వెళ్ళి ఏం చెబుతావు?" అని అడిగేది. "గేదెకు బాగాలేదని చెబుతాను" అంటే, "అది ఆయనకు నువ్వు చెప్పకముందే తెలుసు. బాగుంటే నువ్వెందుకు వెళతావు? పాకలోకి వెళ్ళి చూసి రా" అనేది. నెమరు వేస్తోందా? ముట్టె మీద చెమ్మ ఉందా, ఆరిపోయిందా? ఏ వైపు డొక్క ఉబ్బింది? పేడ ఎలా వేసింది? నిన్న సాయంత్రం పాలు ఎన్ని ఇచ్చింది? నిన్న ఎక్కడ మేసింది? ఈ చివరి ప్రశ్న దగ్గర నాయనమ్మ గొంతు మారిపోయేది. జొన్న కోసిన చేలో మళ్ళీ చిగురించిన పిలకలు పశువులకు విషం. దాన్ని నాము అంటారు. నాము తిన్న పశువుకు ఎక్కువ సమయం ఉండదు. ఆ ఒక్క మాట ముందే చెబితే డాక్టరుగారు దానికి విరుగుడు పట్టుకుని బయలుదేరతారు. చెప్పకపోతే ఇక్కడికి వచ్చి, చూసి, మళ్ళీ వెనక్కి వెళ్ళాలి. అంతసేపు గేదె ఆగదు.

గేదెకు నోరు లేదు. ఎక్కడ నొప్పో అది చెప్పుకోలేదు. రోజూ దాని పక్కన మసలేవాళ్ళే చూసి చెప్పాలి. చదువు రాని మా నాయనమ్మకు ఈ సంగతి ఎంత బాగా తెలుసో తలచుకుంటే ఇప్పటికీ నా మనసు నిండిపోతుంది.

కంప్యూటర్‌కూ నోరు లేదు. సికింద్రాబాద్‌లో పార్క్‌లేన్ వైపు వెళితే కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. అందరూ సీటీసీ అంటారు. అక్కడ బల్ల వెనక నిలబడ్డ కుర్రవాడి ముందు రోజంతా మనుషులు ల్యాప్‌టాప్ పెట్టి "పనిచెయ్యడం లేదు" అంటారు. అతను ఏం చెయ్యగలడు? నువ్వైతే ఇలా చెప్పు: "నిన్న రాత్రి వరకు బాగానే ఉంది. పొద్దున అప్‌డేట్ అయింది. అప్పటినుంచి ఆన్ అవుతోంది గానీ తెర నల్లగానే ఉంటోంది, ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది." సగం వైద్యం అక్కడే అయిపోతుంది. ఫ్యాను తిరుగుతోందంటే ప్రాణం ఉన్నట్టే కదా!

తెర మీద ఏదైనా హెచ్చరిక వచ్చిందంటే దాన్ని ఉన్నది ఉన్నట్టు రాసుకో. "ఏదో ఎర్రగా వచ్చింది" అంటే కుదరదు. అందులో అర్థం కాని అంకెలు, అక్షరాలు ఉంటాయి. అవి నీకోసం రాసినవి కావు, బాగుచేసేవాళ్ళ కోసం రాసినవి. ఫోనుతో ఫొటో తీసినా చాలు. విండోస్‌లో అయితే విండోస్ మీట, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కితే తెరలో కావలసినంత ముక్కను బొమ్మగా తీసుకోవచ్చు. కంప్యూటర్ మందగించిందనిపిస్తే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ ప్రోగ్రాం ఎంత ర్యామ్ మేస్తోందో అక్కడ కళ్ళారా చూడవచ్చు. ఇంటర్నెట్ రాకపోతే, నీ ఒక్కదానికే రావడం లేదా, అదే వైఫైలో ఉన్న అమ్మ ఫోనులో కూడా రావడం లేదా చూడు. అమ్మకు వస్తుంటే ఇంటికంతా ఇంటర్నెట్ పంచే రూటర్‌ను తిట్టి లాభం లేదు. ఇద్దరికీ రాకపోతే నీ కంప్యూటర్‌ను విప్పి లాభం లేదు. రూటర్‌ను ఎవరైనా ఇనుప బీరువా వెనక పెట్టారేమో కూడా చూడు, ఇనుము దాటి వైఫై అలలు సరిగా రాలేవు. ఏది మార్చి చూసినా ఒక్కసారికి ఒక్కటే మార్చు. మూడు మందులు ఒకేసారి పోస్తే ఏ మందుకు తగ్గిందో ఎవరికి తెలుస్తుంది?

సరిగ్గా చూసి చెప్పడం ఎంత పెద్ద విషయమో తెలియాలంటే మన తెలుగు అక్షరం కథ ఒకటి వినాలి. 2018 ఫిబ్రవరిలో ప్రపంచంలో ఎక్కడెక్కడి ఐఫోన్లూ ఉన్నట్టుండి కుప్పకూలడం మొదలుపెట్టాయి. కారణం మన 'జ్ఞా'! ఆ అక్షరం మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు కలిసి ఉన్న సందేశం వస్తే చాలు, దాన్ని తెర మీద గీయలేక మెసేజ్‌ల యాప్ మూతపడేది. "ఫోన్లు పాడవుతున్నాయి" అని మాత్రమే అని ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. జనం అలా అనలేదు. ఏ అక్షరం, ఏ యాప్‌లో, ఐఫోన్‌ను నడిపించే ఐఓఎస్‌లో ఏ వెర్షన్ అని విడివిడిగా చూసి చెప్పారు. కొందరు ఇంకా తరచి చూస్తే బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ అలాంటి కూర్పులే అదే పని చేస్తున్నాయని తేలింది. అదే నెలలో ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 పంపించి దాన్ని సరిచేసింది. తెలుగు ఒక్క ముక్క రానివాళ్ళు కూడా ఆ రోజుల్లో 'జ్ఞా' వైపు గంటలకొద్దీ చూస్తూ కూర్చున్నారు.

ఇప్పుడు కాస్త జాగ్రత్తగా విను. గేదె పడుకుందని తెలియగానే పిలవకుండా వచ్చి "నేను చూస్తాను, నాకు డబ్బివ్వండి" అనే మనుషులు మా ఊళ్ళోనూ ఉండేవారు. నాయనమ్మ వాళ్ళను గుమ్మం తొక్కనిచ్చేది కాదు. ఈ కాలంలో వాళ్ళు ఫోనులో వస్తున్నారు. "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, మేం బాగుచేస్తాం" అంటారు. తెర నిండా ఎర్రటి హెచ్చరిక వేసి, కింద ఒక ఫోను నంబరు ఇస్తారు. తన నిజమైన హెచ్చరికల్లో ఫోను నంబరు ఉండదని విండోస్ తయారుచేసే మైక్రోసాఫ్టే చెబుతోంది. కాబట్టి నంబరు కనబడిందంటేనే అది మోసమని పోల్చుకోవచ్చు. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే సహాయ కేంద్రాల నంబర్లలోనూ దొంగవి కలిసిపోయి ఉంటాయి. బిల్లు మీదో, వస్తువు వచ్చిన పెట్టె మీదో ఉన్న నంబరునే నమ్ము. మన తెర వాళ్ళకు కనిపించే యాప్ ఏదైనా పెట్టుకోమంటే ఫోను పెట్టెయ్యి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. డబ్బు వస్తుందని చెప్పి పిన్ నొక్కమన్నారంటే డబ్బు నీ దగ్గరి నుంచి వెళుతోందన్నమాట. ఒకవేళ ఇంట్లో ఎవరి డబ్బయినా పోతే ఏడుస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల మీద ఫిర్యాదు తీసుకునే 1930కి ఫోను చెయ్యమను. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును దారిలో ఆపే వీలు అంత ఎక్కువ. ఈ నంబరు మీ ఇంటి ఫ్రిజ్ మీద రాసి అంటించు. ఇది నా ఆజ్ఞ అనుకో.

ఇంకో సంగతి. అమ్మమ్మ ఫోను పట్టుకుని నీ దగ్గరికి వచ్చినప్పుడు నువ్వు ఫోను లాక్కుని టకటకా నొక్కి తిరిగి ఇచ్చేస్తావని విన్నాను. నీ వేలి వేగం అమ్మమ్మకు ఎలా అందుతుంది తల్లీ? ఫోను ఆవిడ చేతిలోనే ఉండనివ్వు. పక్కన కూర్చుని "ఇక్కడ నొక్కు అమ్మమ్మా, ఇప్పుడు ఏం కనిపిస్తోంది?" అని అడుగు. ఆవిడే నొక్కాలి, ఏం కనబడిందో ఆవిడే చెప్పాలి. నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ చెప్పు. నీకు అ ఆలు దిద్దించినప్పుడు ఆవిడ పలక లాక్కోలేదు కదా.

మీ ఇంటి రూటర్ సంగతి చెప్పి ముగిస్తాను. మీకు ఫైబర్ కనెక్షన్ ఉంది కాబట్టి గోడ దగ్గరున్న పెట్టె మీద చిన్న దీపాల వరుస ఉంటుంది. కంప్యూటర్‌కు నోరు లేదన్నాను గానీ, ఈ పెట్టె మాత్రం దీపాలతో కొంత చెబుతుంది. చాలా పెట్టెల మీద ఎల్‌ఓఎస్ అని ఒకటి ఉంటుంది. అది ఎర్రగా వెలిగితే బయటినుంచి రావలసిన వెలుగు రావడం లేదని అర్థం. ఎక్కడో తీగ తెగి ఉండవచ్చు, వంగి ఉండవచ్చు. అప్పుడు ఎన్నిసార్లు ఆపి పెట్టినా ప్రయోజనం లేదు. ఇంటర్నెట్ ఆఫీసుకు ఫోను చేసి "ఎల్‌ఓఎస్ దీపం ఎర్రగా ఉంది" అను, ఆ ఒక్క మాటతో మనిషిని పంపుతారు.

వెలుగు అంటే నిజంగా వెలుగే! వెంట్రుక మందాన ఉండే గాజు పోగులో, కంటికి కనబడని ఒక రంగు వెలుగు మీ ఇంటికి వస్తుంటుంది, ఇంకో రంగు వెలుగు మీ ఇంటినుంచి వెళుతుంటుంది. రెండూ ఒకే పోగులో, ఒకే సమయంలో, ఒకదానికొకటి ఎదురుగా, ఏమీ తగలకుండా! ఇది ఎలా సాధ్యమో వివరించడం మొదలుపెడితే ఇంకో ఉత్తరమవుతుంది. నాకైతే వివరణ కన్నా ముందు ఆశ్చర్యమే వస్తుంది, ఇన్నేళ్ళ తర్వాత కూడా. ఆ తీగను పీకి దాని చివర కంటితో చూడకూడదు సుమా. కనబడని వెలుగైనా కంటికి హాని చెయ్యవచ్చు.

చూడవలసింది దీపాలను. ఈసారి కరెంటు పోయి వచ్చినప్పుడు కాగితం, పెన్సిలు పట్టుకుని ఆ పెట్టె ముందు కూర్చో. ఏ దీపం ముందు వెలిగింది, ఏది కాసేపు మిణుకుమిణుకుమని తర్వాత నిలకడగా వెలిగింది, అన్నిటికన్నా చివర వెలిగింది ఏది, ఏ దీపం వచ్చాక అమ్మ ఫోనులో ఇంటర్నెట్ వచ్చింది, అన్నీ వరుసగా రాయి. దీపాల కింద ఉన్న పేర్లు నీకు అర్థం కాకపోయినా ఉన్నవి ఉన్నట్టే రాయి. ఆ కాగితం నాకు పోస్టులో పంపించు. ఏ దీపం ఏం చెబుతోందో పక్కన రాసి తిరుగు టపాలో నీకు పంపుతాను.

ఇట్లు,
మీ తాతయ్య