ముందు పరీక్షా, మందా?

నట్టల మందు పోసినా దూడలు తేరుకోవడం లేదన్న ఫిర్యాదు మళ్ళీ పైకొచ్చింది. పేడలో నట్టల గుడ్లు లెక్కించే పరీక్ష చేయకుండా మందు పోయొద్దని ఒక వర్గం అంటుంటే, వేడి ప్రాంతాల్లో ఆ పరీక్షతో తేలేదేమీ లేదని ఇంకో వర్గం కొట్టిపారేస్తోంది. దవడ కింద నీరు దిగడం, పారుడు, రక్తహీనత గురించి పశువులున్న వాళ్ళకు మళ్ళీ చెప్పక్కర్లేదు. ఈ తగువుకు అసలు మూలం 1961.

ఆ ఏడాది థయాబెండజోల్ అనే నట్టల మందు వచ్చింది. ఒక్క మందుతో చాలా రకాల నట్టలు పోతుంటే, ఉన్నవి ఏ రకమో తెలుసుకోవాల్సిన పని ఎవరికుంది? 1981లో మరో మందు ఐవర్‌మెక్టిన్ వచ్చాక ఆ కాస్త ఆసక్తీ పోయింది. నెలలు లెక్కబెట్టి మందు పోయడం అలవాటైంది, మైక్రోస్కోపు మూలన పడింది.

అప్పటికున్న పరీక్ష కూడా ఆవులు, గేదెల కోసం పుట్టింది కాదు. గుడ్లు లెక్కించే మెక్‌మాస్టర్ పద్ధతిని 1939లో ఆస్ట్రేలియాలో గోర్డన్, విట్లాక్ రూపొందించింది గొర్రెల కోసం. ఉప్పునీళ్ళలో కలిపి వడగట్టిన పేడను గళ్ళ గాజుపలకలో పోస్తే గుడ్లు పైకి తేలతాయి. మామూలుగా వాడే పాళ్ళలో అక్కడ కనబడిన ఒక్కో గుడ్డు గ్రాముకు 50 గుడ్లతో సమానం. రోగనిరోధకత వచ్చిన పెద్ద ఆవు పేడలో అసలే గుడ్లు తక్కువ, అందుకని సున్నా వచ్చినా నట్టలు లేవని కాదు. ఈసోఫాగోస్టోమమ్ అనే నట్ట పిల్లపురుగులు (లార్వాలు) పేగు గోడలో గడ్డలు కట్టి నష్టం చేసే రోజుల్లో గుడ్డే ఉండదు. పైగా రక్తం తాగే హీమాంకస్ గుడ్డూ, అంత ప్రమాదం లేని కూపీరియా గుడ్డూ చూపుకి ఒక్కలాగే ఉంటాయి. తేడా తెలియాలంటే పేడను వారం రోజులు పొదిగించి లార్వాలను చూడాలి.

వేడి తెచ్చే చిక్కు వేరు. ఎండలో వదిలేసిన నమూనాలో గుడ్లు ఒక రోజులోనే పొదుగుతాయి, దాంతో లెక్క పడిపోతుంది. లెక్కకైతే నమూనాను గాలి చొరకుండా కట్టి ఐసుపెట్టెలో పెట్టాలి. లార్వాల కోసమైతే అతిగా చల్లబరచకూడదు, హీమాంకస్ గుడ్లు దెబ్బతింటాయి. ఒకే పేడను రెండు రకాలుగా దాచాలన్నమాట! పరీక్ష దండగ అనేవాళ్ళు చూపించే ఫలితాల్లో ఇలా దారిలోనే పాడైన నమూనాలెన్నో ఎవరూ అడగరు.

ఇంతలో మందుకు లొంగని నట్టలు పెరిగాయి. ఐవర్‌మెక్టిన్‌ను ఆవుల్లో ఎక్కువగా తట్టుకుంటున్నది కూపీరియానే. మందుకు ముందు, సుమారు రెండు వారాల తర్వాత గుడ్లు లెక్కించి తేడా చూసే పరీక్షకు 1992లో అంతర్జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. 2023లో వాటిని సవరించి, అవే పశువులను రెండుసార్లూ చూడడం మేలన్నారు. గ్రాముకు సగటున ఎన్ని అన్నది పక్కనపెట్టి, మైక్రోస్కోపు కింద నిజంగా లెక్కపెట్టిన గుడ్లు తగినన్ని ఉండాలన్నారు. గుడ్లు తక్కువుండే ఆవులకు సరిపోయే మాట ఇదే.

రెండో వర్గం వాదన ఒక్కచోట నిలుస్తుంది. టాక్సోకారా విటులోరమ్ అనే నట్ట తల్లి పాల ద్వారా దూడకు చేరుతుంది, గుడ్లు మూడో వారానికిగానీ పేడలో కనబడవు. కాబట్టి రెండు వారాల దూడకు పరీక్ష లేకుండానే మందు పోయాలి. అయితే దీన్ని చూపించి మంద మొత్తానికీ ఏడాది పొడవునా మందు పోయడాన్నీ సమర్థించుకుంటున్నారు.