నెలలు నిండేలోపు ఇంటి లెక్క: కొన్ని అపోహలు, వాస్తవాలు

చాలీచాలని ఆదాయంతో ఇల్లు నడిపేవాళ్ల దగ్గర కూర్చుని లెక్కలు వేసి పెట్టడం నా పని. బిడ్డ పుట్టబోతున్న జంటలు చాలామంది వస్తుంటారు. ఆదాయం తక్కువన్నది నిజమే. అయితే ఏ ఖర్చు ఏ నెలలో వచ్చి పడుతుందో ముందుగా చూసుకోకపోవడం వల్ల ఇంకా ఎక్కువ నష్టపోతున్నారు. వాళ్ల నోట మళ్లీ మళ్లీ వినే మాటలు కొన్ని ఇవి.

అపోహ: కాన్పు బిల్లు కట్టేస్తే గండం గట్టెక్కినట్టే.

బిల్లు ఒక్కసారే వస్తుంది. ఆగిపోయిన సంపాదన మాత్రం నెలనెలా కోత పెడుతుంది. అందరూ బిల్లు గురించే భయపడతారు గానీ, ఇళ్లు అప్పుల్లోకి జారేది ఎక్కువగా ఈ రెండోదాని వల్లే.

ఈమధ్య ఒక జంట చేత నోటుపుస్తకంలో పది గడులు గీయించాను. అప్పుడే ఆమెకు నాలుగో నెల మొదలైంది. నాలుగో నెల నుంచి బిడ్డకు నాలుగు నెలలు వచ్చేదాకా నెలకో గడి. ఇంటి ఆదాయం పది వంతులనుకుంటే అతనిది ఆరు, ఆమెది నాలుగు, ఖర్చు తొమ్మిది. తొమ్మిదో నెల గడి దగ్గరకు వచ్చేసరికి ఆమె పెన్ను ఆగిపోయింది. అక్కడి నుంచి అయిదు గడుల్లో ఆమె సంపాదన సున్నా. నెలకు మూడు వంతుల చొప్పున పదిహేను వంతులు లోటు. తొమ్మిదో నెలకు ముందున్న అయిదు నెలల్లో మిగిలేది అయిదు వంతులే.

అప్పుడు ఖర్చును తొమ్మిది నుంచి ఎనిమిది వంతులకు తగ్గించి మళ్లీ వేయించాను. ఇప్పుడు నెలకు రెండు వంతుల చొప్పున అయిదు నెలల్లో పది వంతులు మిగులుతాయి. ఆమె పని మానేసిన అయిదు నెలల్లోనూ లోటు నెలకు రెండే, మొత్తం పది. దానికీ దీనికీ సరిపోయింది. కాన్పు ఖర్చు ఇందులో లేదు, దానికి వేరే దారి చూడాలి. కానీ నాలుగో నెలలో మొదలుపెడితే ఒక్క వంతు తగ్గింపుతో తేలేది, ఎనిమిదో నెలలో మొదలుపెడితే అప్పు లేకుండా తేలదు. నేను ఎవరికైనా మొదట చెప్పే మాట ఇదే: తెలిసిన నెల నుంచే, తక్కువ ఆదాయంతో బతకడం ఇప్పుడే మొదలుపెట్టండి.

అపోహ: ప్రసూతి సెలవు డబ్బులో, ప్రభుత్వ సాయమో వస్తుంది కదా, దాంతో సర్దుకోవచ్చు.

వచ్చేదాన్ని వదులుకోవద్దు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన ఒప్పందం ప్రకారం ప్రసూతి సెలవు కనీసం 14 వారాలుండాలి. చాలా దేశాల్లో చట్టాలూ ఉన్నాయి. అయినా రోజు కూలీకి వెళ్లేవాళ్లకు, ఇళ్లలో పనిచేసేవాళ్లకు చాలాచోట్ల అవి అందడం లేదు. అందేవాళ్లకు కూడా ఆ డబ్బు చెప్పిన నెలలోనే చేతికొస్తుందన్న నమ్మకం లేదు. కాబట్టి దరఖాస్తు మొదటి నెలల్లోనే పెట్టండి, గడువు తేదీ రాసి పెట్టుకోండి. లెక్కలో మాత్రం చేతికొచ్చాకే వేయండి.

అపోహ: ఒంట్లో బాగానే ఉంటే చెకప్‌లు మానేసి డబ్బు మిగుల్చుకోవచ్చు.

ఇది చాలా ప్రమాదకరమైన పొదుపు. రక్తహీనత, బీపీ పెరగడం లాంటివి మొదట్లో మనిషికి తెలియవు, పరీక్షలోనే బయటపడతాయి. గర్భంతో ఉన్నప్పుడు కనీసం 8 సార్లు చూపించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రక్తం తక్కువగా ఉందని ముందే తెలిస్తే చాలామందికి మాత్రలతో సరిపోతుంది. అదే కాన్పు రోజున తెలిస్తే రక్తం ఎక్కించాల్సి రావచ్చు, ఖర్చు తడిసి మోపెడవుతుంది, ప్రాణం మీదికీ రావచ్చు. దగ్గర్లో ఉచితంగా చూసే ప్రభుత్వ ఆసుపత్రి ఉంటే మొదటి నెలల్లోనే పేరు నమోదు చేయించుకోండి.

అపోహ: ఇబ్బందిగా ఉన్నప్పుడు ముందు తిండి ఖర్చు తగ్గించుకోవాలి.

తగ్గించేది తల్లి తిండే అయితే వద్దు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే ఆవిడ ఎవరో మనకు తెలుసు. ఇద్దరి తిండి తినాలన్న మాట కూడా నిజం కాదు. చివరి మూడు నెలల్లో రోజుకు సుమారు 450 కేలరీలు అదనంగా కావాలి, అంటే ఓ చిన్న పూట భోజనం. పాలిచ్చే రోజుల్లోనూ దాదాపు అంతే. ఆ పూటను లెక్కలో విడిగా రాసి, ఎంత కష్టమొచ్చినా దాని జోలికి వెళ్లకండి.

అపోహ: బిడ్డకు కావలసినవన్నీ ముందే కొని పెట్టుకోవాలి.

తొలి నెలల్లో బిడ్డకు కావలసినవి తక్కువే: పాలు, వెచ్చని మెత్తటి బట్టలు, చాలినన్ని గుడ్డలు, గట్టిగా చదునుగా ఉండే పడక. బిడ్డ బరువు అయిదారు నెలలకల్లా రెట్టింపవుతుంది, కాబట్టి చిన్న సైజు బట్టలు ఎన్ని కొన్నా నిలవవు. తెలిసినవాళ్ల పిల్లలు వాడినవి తీసుకుని బాగా ఉతికి వేయండి, అందులో చిన్నతనమేమీ లేదు. పడకలో దిండ్లు, చుట్టూ కట్టే మెత్తలు అసలు కొనొద్దు. వాటివల్ల పసిబిడ్డకు ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది.

అపోహ: తల్లి పాలు చాలవు, డబ్బా పాలకు డబ్బు దాచుకోవాలి.

మొదటి రోజుల్లో ముర్రుపాలు కొద్దిగానే వస్తాయి. బిడ్డకు అవే చాలు. అది తెలియక డబ్బా పాలు మొదలుపెడితే బిడ్డ తల్లి దగ్గర తాగడం తగ్గుతుంది, దాంతో పాలు నిజంగానే తగ్గుతాయి. ఆ తర్వాత నెలనెలా ఆ డబ్బా ఖర్చు తప్పదు. పాలు చాలవనే అనుమానం ఉంటే కొనకముందు నర్సుకు చూపించండి. మొదటి ఆరు నెలలు తల్లి పాలు మాత్రమే, నీళ్లు కూడా వద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆరోగ్య కారణాలతో డబ్బా పాలు తప్పనివాళ్లూ ఉంటారు, అది వాళ్ల తప్పు కాదు. వాళ్లు మాత్రం పొడి ఎక్కువ రోజులు రావాలని నీళ్లు ఎక్కువ కలపకూడదు. కడుపు నిండినట్టే కనిపిస్తుంది గానీ బిడ్డ ఎదగదు. ఆ ఖర్చును మొదటి నెల నుంచే లెక్కలో వేసుకోవాలి.

అపోహ: అవసరానికి అప్పు ఎలాగూ పుడుతుంది.

పుడుతుంది. ఆసుపత్రి వరండాలో నిలబడి అడిగితే మాత్రం వడ్డీ అవతలివాడు చెప్పిందే. నూటికి నెలకు మూడంటే ఏడాదికి 36 శాతం. అసలు తీర్చకుండా వడ్డీ ఒక్కటే కడుతూ పోతే, మూడేళ్లు నిండకుండానే వడ్డీ కింద కట్టింది అసలంత అవుతుంది. అందుకే ఏడో నెలలోనే ఆసుపత్రిలో మామూలు కాన్పుకెంత, ఆపరేషన్‌కెంత, వాయిదాల్లో కట్టొచ్చా అని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఇంటి అద్దె, పాత బాకీలు ఆ నెలల్లో ఆలస్యమవుతాయనుకుంటే సంబంధించినవాళ్లకు ముందే చెప్పండి. గడువు దాటాక చెప్పే మాటకు విలువ తక్కువ.

అపోహ: తేదీ ఇచ్చారు కదా, డబ్బు ఆ రోజుకు ఉంటే చాలు.

ఆ తేదీనే కాన్పయ్యేవాళ్లు చాలా కొద్దిమంది. ప్రపంచం మొత్తం మీద పదిమంది పిల్లల్లో సుమారు ఒకరు 37 వారాలు నిండకముందే పుడుతున్నారు. ఎనిమిదో నెల మొదలయ్యేసరికి డబ్బు సిద్ధంగా ఉండాలి.

అపోహ: డబ్బు సంగతులు గర్భిణికి చెప్పకూడదు, టెన్షన్ పడుతుంది.

తెలియకపోతేనే టెన్షన్ ఎక్కువ. పైగా సంపాదించే ఆమెకు, ఇల్లు నడిపే ఆమెకు తెలియకుండా వేసిన లెక్క నిలవదు. ఎంత ఉంది, ఎక్కడుంది, ఎవరికి ఎంత బాకీ అన్నది ఇద్దరికీ తెలియాలి. ఆమె రిపోర్టులు, ఇద్దరి గుర్తింపు కార్డులు, దాచిన డబ్బు, రాత్రిపూట పిలిస్తే వచ్చే బండివాళ్ల నంబరు ఒకే సంచిలో పెట్టండి. అర్ధరాత్రి అతను ఇంట్లో లేని సమయంలో నొప్పులొస్తే ఆ సంచి ఎవరు తీసుకుని వెంట వస్తారో కూడా ఇప్పుడే మాట్లాడుకుని, ఆ మనిషికి చెప్పి ఉంచండి.