రామన్ ఇమేజింగ్: ఆ ఎరుపు ఎవరు వేశారు?

రామన్ మైక్రోస్కోపుతో తీసిన కణం బొమ్మ చూపించగానే చాలామంది ముందుగా అడిగేది "ఆ ఎర్రగా ఉన్నదేమిటి?" అని. ఎరుపు కణంలో లేదు, మేం వేసిందే. ఈ పద్ధతి మీద ఉన్న అపోహల్లో సగం ఇక్కడే పుడతాయి. అవి బయటివాళ్ళకే కాదు, మా ల్యాబుల్లో పనిచేసేవాళ్ళకీ ఉంటాయి.

అపోహ: అది కణానికి తీసిన ఫోటో.

కాదు, లెక్కకట్టి గీసిన పటం. నమూనాలో ఒక చుక్క మీద లేజర్ పెడతాం. చెదిరిన కాంతి దాదాపు అంతా రంగు మారకుండానే వచ్చేస్తుంది. ఏ కోటి ఫోటాన్లలోనో ఒకటి మాత్రం అక్కడి అణువుల కంపనాలతో శక్తి ఇచ్చిపుచ్చుకుని, కొద్దిగా మారిన రంగుతో బయటికొస్తుంది. 1928లో సి.వి.రామన్, కె.ఎస్.కృష్ణన్ పట్టుకున్నది ఆ కొద్దిపాటి మార్పునే. ఆ కాంతిని విడదీస్తే ఒక చుక్కకు ఒక స్పెక్ట్రమ్, అంటే ఏ రంగు కాంతి ఎంత ఉందో చూపే గీత, వస్తుంది. అందులో పైకి లేచిన శిఖరాలే పీక్‌లు. నిలువునా వంద, అడ్డంగా వంద చుక్కలంటే 10,000 స్పెక్ట్రమ్‌లు. చుక్కకు ఒక్క సెకను చొప్పున తీసినా రెండు ముప్పావు గంటలు దాటుతుంది. రంగులు వేసేది ఆ తర్వాతే, ఏ పీక్ ఎక్కడ ఎంత ఎత్తు ఉందో చూసి.

అపోహ: ఒక పీక్ ఉందంటే ఒక పదార్థం ఉన్నట్టే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. 1450 దగ్గర (పీక్‌లకు చెప్పే అంకెలన్నీ వేవ్‌నంబర్లు, అంటే కాంతి రంగు ఎంత మారిందో చెప్పే కొలత) కనిపించే పీక్ కార్బన్-హైడ్రోజన్ బంధాలు వంగడం వల్ల వస్తుంది. ఆ బంధాలు కొవ్వులోనూ ఉన్నాయి, ప్రోటీన్‌లోనూ ఉన్నాయి. ఆ ఒక్క పీక్‌తో పటం గీసి కింద "కొవ్వు" అని రాస్తే తప్పు.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేనూ ఒక ప్రోటీన్ పటం గీశాను. ప్రోటీన్లలో ఉండే ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం పీక్ 1004 దగ్గర వస్తుంది కాబట్టి ఆ చుట్టుపక్కల ఎత్తునంతా కూడి రంగు వేశాను. కణం లోపలే కాదు, బయట కూడా మెరిసిపోయింది. కణం ఏదో ప్రోటీన్‌ను బయటికి వదులుతోందని రెండు రోజులు సంబరపడ్డాను. చివరికి పటం పక్కన పెట్టి, కణం బయటి చుక్కల స్పెక్ట్రమ్‌లు ఒక్కొక్కటే తెరిచి చూశాను. పీక్ 1004 దగ్గర లేదు, 1001 దగ్గర ఉంది. అది పాలిస్టైరిన్ పీక్. నేను చూసింది కణాలు పెంచిన ప్లాస్టిక్ డిష్‌ని! రెండింటిలోనూ బెంజీన్ వలయమే ఉంటుంది, కంపించేదీ అదే. అందుకే ఇప్పుడు కణాలను క్వార్ట్జ్ లేదా కాల్షియం ఫ్లోరైడ్ పలక మీదే పెంచుతాను. పరికరం అంకెలు సరిగ్గా చూపిస్తోందో లేదో తెలియడానికి, సిలికాన్ ముక్క పీక్ 520.7 దగ్గర ఉందని సరిచూసుకోనిదే రోజు మొదలుపెట్టను.

అపోహ: రంగులు అద్దే పని లేదు కనుక నమూనా ఎలా ఉన్నా ఫర్వాలేదు.

పారఫిన్‌లో నిలవ ఉంచిన బయాప్సీని తీసి చూడండి, కణజాలం కన్నా ముందు మైనమే పలుకుతుంది. కణజాలం సొంత ఫ్లోరొసెన్స్, అంటే లేజర్ పడగానే అది తనంతట తాను వెలగడం, ఇంకో తలనొప్పి. దాన్ని తప్పించుకోవడానికి 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ వదిలి 785కి వెళితే, అంతే పవర్‌కి రామన్ పరిక్షేపణం దాదాపు ఐదో వంతుకు పడిపోతుంది. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి.

అపోహ: ఒంట్లో ఎక్కువ భాగం నీరే, ఇది పనిచేయదు.

ఇన్‌ఫ్రారెడ్ పద్ధతికి నీరు పెద్ద అడ్డంకి. రామన్‌లో నీటి సంకేతం బలహీనం. బతికున్న కణాన్ని దాని ద్రవంలోనే చూడగలుగుతున్నది అందుకే.

అపోహ: లేజర్ కూడా ఎక్స్‌రే లాంటిదే. ఎంఆర్ఐలా ఒళ్ళంతా చూస్తుంది.

రెండూ కావు. మేం వాడే కాంతికి అయనీకరణ చేసే శక్తి లేదు. కానీ వేడి పుడుతుంది, మెలనిన్ ఎక్కువున్న చోట మరీను. ఆ పరిమితులు పాటించాల్సిందే. లోతు విషయానికొస్తే, మామూలు మైక్రోస్కోపు కొన్ని వందల మైక్రాన్లు దాటదు. లేజర్ పెట్టిన చోటికి కాస్త ఎడంగా కాంతిని సేకరించే పద్ధతిలో కొన్ని మిల్లీమీటర్లు వెళ్ళొచ్చు. ఇంకా లోపలి అవయవాలకు ఫైబర్ ప్రోబ్ పంపాల్సిందే.

అపోహ: క్యాన్సర్‌కు ఒక పీక్ ఉంటుంది.

లేదు. ఉండేవి కొవ్వు, ప్రోటీన్, న్యూక్లియిక్ ఆమ్లాల నిష్పత్తుల్లో చిన్న చిన్న తేడాలు. వాటిని కంప్యూటర్‌కు నేర్పిస్తాం. అక్కడో గుంట ఉంది. ఒకే రోగి స్పెక్ట్రమ్‌లు నేర్పేటప్పుడూ, పరీక్షించేటప్పుడూ కలిసిపోతే కంప్యూటర్ జబ్బును కాదు, మనిషిని గుర్తుపడుతుంది. ఫలితం మాత్రం అద్భుతంగా కనిపిస్తుంది. 20 మంది నుంచి 10,000 స్పెక్ట్రమ్‌లు తీసినా మన దగ్గరున్నది 20 మందే.

సరిగ్గా చేసిన పనికి ఒక ఉదాహరణ చెబుతాను. స్టిమ్యులేటెడ్ రామన్‌తో (రెండు లేజర్లు వాడి రామన్ సంకేతాన్ని బలపరిచే పద్ధతి), ఆపరేషన్ జరుగుతుండగానే, తీసిన మెదడు కణితి ముక్కను 2845, 2930 దగ్గర చూస్తారు. పాథాలజిస్టులకు అలవాటైన గులాబీ, ఊదా రంగులు వేస్తారు. ఇక్కడా రంగులు వేసినవే! 2020లో వెలువడిన పరిశోధనలో కంప్యూటర్‌కు 25 లక్షలకు పైగా బొమ్మలతో నేర్పి, వేరే 278 మంది రోగుల మీద పరీక్షించారు. కణితి ఏ రకమో రెండున్నర నిమిషాల్లోపే జవాబిచ్చింది. దాని జవాబుల్లో 94.6 శాతం సరైనవి, పాథాలజిస్టులవి 93.9. ఆ పేపర్ చదివినప్పుడు నేను ముందు వెతికింది ఈ శాతాలను కాదు, ఆ 278ని.