గోడ మీది మిక్కీ ఎవరిది?

బరంపురం నుంచి పర్లాకిమిడి దాకా ఏ ఊరు వెళ్లినా ప్లేస్కూలు గోడ మీద మిక్కీ మౌస్ కనిపిస్తాడు. స్కూలు పేరు ఒడియాలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాస్తారు. మిక్కీని మాత్రం ఒక్కసారి గీస్తే చాలు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ వింటూ పెరిగే మన సరిహద్దు పిల్లలకు ఏ భాషా అక్కర్లేని నేస్తం వాడు. పుట్టినరోజు ఫ్లెక్సీ మీదా వాడే, బెలూన్ మీదా వాడే, స్కూలు బ్యాగు మీదా వాడే. వీటిలో ఎన్నిటికి అనుమతి ఉందో ఎవరూ అడగరు. అడగాలన్న ఆలోచన కూడా రాదు.

2024 జనవరి 1న అమెరికాలో మిక్కీ కాపీరైట్ గడువు తీరిందన్న వార్త వచ్చినప్పుడు, ఇక మిక్కీ అందరి సొత్తు అయిపోయాడని చాలామంది అనుకున్నారు. అందులో సగమే నిజం. ఆ సగం ఏదో తెలియాలంటే ఒక కుందేలుతో మొదలుపెట్టాలి.

1927లో వాల్ట్ డిస్నీ, అతని పాత మిత్రుడు అబ్ ఐవర్క్స్ కలిసి ఆస్వాల్డ్ అనే కుందేలు బొమ్మతో సినిమాలు తీశారు. విడుదల చేసేది యూనివర్సల్ అనే సినిమా కంపెనీ, మధ్యలో బేరాలు నడిపేది చార్లెస్ మింట్జ్ అనే పంపిణీదారు. కుందేలుకు మంచి పేరొచ్చింది. ఆ ధైర్యంతో 1928 మొదట్లో డిస్నీ న్యూయార్క్ వెళ్లి ఒక్కో సినిమాకు ఇచ్చే డబ్బు పెంచమన్నాడు. మింట్జ్ పెంచకపోగా తగ్గిస్తానన్నాడు. అప్పటికే డిస్నీ దగ్గరున్న బొమ్మలు గీసేవాళ్లలో ఎక్కువమందిని తన వైపు తిప్పేసుకున్నాడు కూడా. కాంట్రాక్టు ప్రకారం కుందేలు యూనివర్సల్‌ది. పుట్టించినవాళ్లకు దాని మీద హక్కే లేదు.

తిరుగు రైల్లో తనకు ఎలుక ఆలోచన తట్టిందని డిస్నీ తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. మార్టిమర్ అని పేరు పెడదామంటే భార్య లిలియన్ బాగాలేదందని, అలా మిక్కీ అయిందని కూడా అంటారు. రైలు కథ ప్రచారానికి బాగానే ఉంటుంది గానీ, కాగితం మీద ఆ ఎలుకకు రూపం ఇచ్చినవాడు ఐవర్క్స్. తలకొక సున్నా, చెవులకు రెండు సున్నాలు, పొట్టకు ఇంకోటి. త్వరగా గీయడానికి వీలుగా పెట్టిన కొలత అది. ఇవాళ మన ఊరి పెయింటరు కూడా ఏ డబ్బా మూతో ఆనించి చెవులు దించేయగలుగుతున్నాడంటే ఆ సున్నాల పుణ్యమే. మొదటి సినిమా ‘ప్లేన్ క్రేజీ’ని ఐవర్క్స్ దాదాపు ఒంటిచేత్తో గీశాడు, రోజుకు 700 బొమ్మల దాకా వేశాడంటారు.

1928 మే 15న దాన్ని కొద్దిమందికి చూపిస్తే కొనేవాడు దొరకలేదు. రెండో సినిమాకూ అదే గతి. మూడోదానికి సంగీతం, చప్పుళ్లు బొమ్మ కదలికతో సరిగ్గా కలిసేలా చేర్చారు. అదే ‘స్టీమ్‌బోట్ విల్లీ’. 1928 నవంబర్ 18న న్యూయార్క్‌లోని కాలనీ థియేటర్లో ఆడింది. శబ్దమున్న కార్టూన్లు అంతకుముందూ ఉన్నాయి, కానీ జనం విరగబడి చూసింది దీన్ని. ఇంకో సంగతి: సినిమా పేరు అదే ఏడాది వచ్చిన బస్టర్ కీటన్ హాస్యచిత్రం పేరుకు వెక్కిరింపు, అందులో మోగే పాటల్లో ఒకటి పాత జానపద బాణీ. తర్వాత రోజుల్లో తన బొమ్మ జోలికి ఎవరినీ రానివ్వని కంపెనీ మొదటి గెలుపులో ఇంత అరువు ఉంది.

కుందేలు పోయిన దెబ్బ డిస్నీ మర్చిపోలేదు. ఎలుక హక్కులు పూర్తిగా తన దగ్గరే పెట్టుకున్నాడు. 1932లో కే కామెన్ అనే అమ్మకాల నిపుణుణ్ని పెట్టుకుని మిక్కీ బొమ్మను వస్తువుల మీద ముద్రించుకునే హక్కును పద్ధతిగా అమ్మడం మొదలుపెట్టాడు. 1933లో ఇంగర్సోల్ కంపెనీ మిక్కీ చేతి గడియారం తెచ్చింది. మిక్కీ చేతులే ముళ్లుగా తిరిగే ఆ గడియారం విపరీతంగా అమ్ముడుపోయింది. మన బజారులోని స్కూలు బ్యాగుల వంశం అక్కడ మొదలవుతుంది. ఐవర్క్స్ మాత్రం 1930లోనే డిస్నీని వదిలి సొంత స్టూడియో పెట్టుకున్నాడు. అది నిలవలేదు, పదేళ్లకు తిరిగొచ్చి పాత మిత్రుడి దగ్గరే ఉద్యోగంలో చేరాడు. గీసినవాడు ఒకడు, పేరొచ్చింది ఇంకొకడికి. మింట్జ్‌ను తిట్టుకునేవాళ్లు ఈ సంగతి కూడా గుర్తు పెట్టుకోవాలి.

ఇక చట్టం. 1909 నాటి అమెరికా చట్టం ప్రకారం కాపీరైట్ 28 ఏళ్లు, మళ్లీ నమోదు చేయించుకుంటే ఇంకో 28. ఆ లెక్కన 1984తో మిక్కీ గడువు ముగియాలి. 1976 చట్టం దాన్ని 75 ఏళ్లు చేసింది, అంటే 2003 ఆఖరు దాకా. అది దగ్గరపడుతుండగా 1998లో ఇంకో 20 ఏళ్లు కలిపి 95 చేశారు. డిస్నీ ఒక్కటే కాదు, పాటలు, పుస్తకాల హక్కుదారులు కూడా అడిగారు, కానీ జనం దాన్ని మిక్కీ మౌస్ చట్టమనే వెక్కిరించారు. అమెరికా సుప్రీంకోర్టుకెళ్లినా 2003లో 7-2 తేడాతో చట్టమే నిలిచింది.

మనం నవ్వుకోవడానికి లేదు. మన 1957 చట్టంలో కాపీరైట్ రచయిత బతికినంతకాలం, ఆ తర్వాత 50 ఏళ్లు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941లో పోయారు కనుక 1991 ఆఖరుకు ఆయన రచనలు అందరివీ కావాలి. హక్కులు విశ్వభారతివి. సరిగ్గా ఆ డిసెంబరులో ఆర్డినెన్స్ తెచ్చి 50ని 60 చేశారు, మరుసటి ఏడాది చట్టమైంది. అక్కడ ఎలుక, ఇక్కడ విశ్వకవి. చేసిన పని ఒకటే.

గోడ బొమ్మకు కూడా ఎవరైనా నోటీసు పంపుతారా అని అడిగేవాళ్లు 1989 నాటి ఫ్లోరిడా సంగతి వినాలి. హాలండేల్ అనే ఊళ్లో మూడు డేకేర్ కేంద్రాల గోడల మీద మిక్కీ, డోనాల్డ్ డక్ లాంటి బొమ్మలు వేశారు. చెరిపేయకపోతే కోర్టుకు వెళ్తామని డిస్నీ చెప్పింది. ఊరంతా గగ్గోలు పెట్టింది. డిస్నీకి పోటీదారులైన యూనివర్సల్, హన్నా-బార్బెరా ఆ అదను చూసుకుని మా బొమ్మలు వేసుకోండంటూ ముందుకొచ్చాయి. చివరికి ఆ గోడల మీదికి యోగి బేర్, స్కూబీ డూ ఎక్కారు. కంపెనీ మొండితనం అనిపిస్తుంది గానీ, ఒకచోట చూసీచూడనట్టు వదిలేస్తే ట్రేడ్‌మార్క్, అంటే ఇది ఫలానా కంపెనీ సరుకని చెప్పే గుర్తు మీది హక్కు, బలహీనపడుతుందన్న భయం ఉట్టిదేం కాదు.

ఈ భయం మన పాత జంతువుల బొమ్మలకు లేదు. బరంపురం ఠాకురాణి యాత్రలో ఒళ్లంతా చారలు వేసుకుని ఆడే పులికి యజమాని లేడు. చారలు ఇలాగే ఉండాలని ఎవరూ రాసి పెట్టలేదు, ఎవరి వీధి పులి వాళ్లది. మిక్కీని కూడా మన పెయింటర్లు అలాగే చూశారు. బూట్లకు తోచిన రంగు, ముఖానికి తోచిన నవ్వు. చట్టం ఒప్పుకోకపోవచ్చు, కానీ అందులో దొంగ బుద్ధి ఉందని నేను అనను.

ఇప్పుడు స్వేచ్ఛగా వాడుకోగలిగేది ఏది? 2024లో అందరిదీ అయింది 1928 నాటి మిక్కీ: నలుపు-తెలుపు, పొడుగు మూతి, చేతులకు గ్లవ్స్ లేవు, మాటలు లేవు. గ్లవ్స్, మాటలు 1929లో వచ్చాయి, ఆ సినిమాల గడువు 2024 ఆఖరుతో తీరింది. సినిమా వరకైతే మన చట్టంలో విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లే. ఆ లెక్కన ‘స్టీమ్‌బోట్ విల్లీ’ మన దగ్గర ఎప్పుడో అయిపోయింది. బొమ్మకు లెక్క వేరు, అది గీసినవాళ్ల ఆయుష్షును బట్టి సాగుతుంది. పైగా ట్రేడ్‌మార్క్ ఉంది. పదేళ్లకోసారి ఫీజు కట్టి పొడిగించుకుంటూ పోతే దానికి ఆఖరు తేదీ ఉండదు. డిస్నీ 2007 నుంచి తన యానిమేషన్ సినిమాల ముందు వచ్చే లోగోలో ‘స్టీమ్‌బోట్ విల్లీ’లోని పడవ దృశ్యాన్నే చూపిస్తోంది. కాబట్టి పాత మిక్కీతో కొత్త కథ రాసుకోవచ్చు, కంపెనీ సరుకని జనం పొరబడేలా బ్యాగు మీద వేసి అమ్మితే మాత్రం చిక్కే.

మన గోడల మీదున్నది అసలు ఆ పాత మిక్కీయే కాదు. కళ్లలో తెల్లగుడ్డు, ముఖానికి చర్మం రంగు ఉన్న ఆ రూపం 1930ల చివర్లో డిస్నీ దగ్గర బొమ్మలు గీసే ఫ్రెడ్ మూర్ దిద్దినది. 1939లో తెరకెక్కిన ఆ మిక్కీకి అమెరికా లెక్కలో 2034 ఆఖరు దాకా గడువుంది, మంత్రగాడి టోపీ పెట్టుకున్న 1940 నాటి మిక్కీకి ఇంకో ఏడాది ఎక్కువ. డోనాల్డ్ మొదటి సినిమా మాత్రం వీళ్లిద్దరికంటే ముందే, 2030 జనవరి 1న బయటికొస్తుంది.